గాలి ఎక్కడుంది? మూడు పాత ఫౌంటెన్ పెన్నుల రిపేరు డైరీ

ఇది మూడు పెన్నుల రిపేరు లెక్క. వాటి మీద ఎలా మనసు పడ్డానో ఇందులో రాయడం లేదు. ఏది చెడగొట్టాను, ఏ కొలత ముందే తీసుకోవాల్సింది, ఏ పని రెండోసారి చేయాల్సి వచ్చింది, అవే రాశాను. ఇవే పెన్నులు మీ చేతిలో ఉంటే అంకెలు కాస్త మారొచ్చు. పని వరస మాత్రం మారదు.

బల్ల మీదున్నవి ఇవీ.

ఎస్టర్‌బ్రుక్ జె: పక్కనున్న లీవరు ఎత్తితే లోపలి రబ్బరు సంచి నొక్కుకుపోయి, దించితే ఇంకు పీల్చుకునే రకం. పాళీ మర తిప్పితే ఊడి వస్తుంది. నా దాని మీద 2668 అని ఉంది, అంటే గట్టి మీడియం. లీవరు కదలడం లేదు.

పార్కర్ 51 ఏరోమెట్రిక్: 51 మొదట 1941లో వచ్చింది, ఈ నొక్కుడు ఫిల్లరు 1948 నుంచి. పాళీ ముసుగు కింద ఉండి కొన మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఇంకు బాగానే పీలుస్తుంది, నాలుగు లైన్లు రాసి ఆగిపోతుంది.

పేరు లేని నల్ల ఎబొనైట్ (గంధకం కలిపిన గట్టి రబ్బరు) పెన్ను: సంచీ లేదు, లీవరూ లేదు. గొట్టంలోకే డ్రాపర్‌తో ఇంకు పోయాలి. గొట్టం చుట్టూ అలలు అలలుగా సన్నటి గీతలు. మరల దగ్గర ఇంకు చెమరుస్తుంది.

## 1వ దశ: విప్పకముందు

పనిముట్లు: 10 రెట్ల భూతద్దం, 0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు, వెర్నియర్ కాలిపర్, హెయిర్ డ్రయ్యర్, థర్మామీటరు, నీళ్లు చిమ్మే రబ్బరు బుడ్డి, పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు, 0.05 మి.మీ. ఇత్తడి రేకు, షెల్లాక్, సువాసన కలపని టాల్క్ పొడి, సిలికాన్ గ్రీజు.

త్రాసు ఎందుకంటే, 1 మిల్లీలీటరు నీళ్లు 1 గ్రాము తూగుతాయి. పెన్నును ఖాళీగా ఒకసారి, నింపాక ఒకసారి తూస్తే లోపలికి ఎంత వెళ్లిందో తెలిసిపోతుంది. ఇంకుతో తూచినా ఇంత చిన్న లెక్కలో తేడా పట్టించుకోనక్కర్లేదు. మూత పెట్టి తూస్తే ఎస్టర్‌బ్రుక్ 14.30, పార్కర్ 20.62, ఎబొనైట్ పెన్ను 16.85 గ్రాములు.

తర్వాత చూడాల్సింది గొట్టం దేనితో చేశారన్నది. బొటనవేలితో గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి. కాలిన అగ్గిపుల్లలాంటి గంధకం వాసన వస్తే ఎబొనైట్. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. సెల్యులాయిడ్ తయారీలో నిజంగానే కర్పూరం కలుపుతారు, అది గుప్పున అంటుకునే పదార్థం కూడా, కాబట్టి దాని దగ్గరికి మంటను రానివ్వకూడదు. నా మూడింటిలో దేనికీ కర్పూరం వాసన రాలేదు. పార్కర్ 51 గొట్టం లూసైట్, అంటే యాక్రిలిక్. దాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు, సన్నటి బీటలు పడతాయి.

ఇప్పటిదాకా: గంట పని. విప్పినవి 0, రాస్తున్నవి 0, చెడగొట్టినవి 0.

## 2వ దశ: ఎబొనైట్‌ని నానబెట్టడం (చేయకూడని పని)

వాసన చూసి ఎబొనైట్ అని కాగితం మీద రాసుకున్నాను. ఆ రాత్రే దాన్ని నీళ్ల గ్లాసులో వేసి పడుకున్నాను. మరల్లో ఎండిన ఇంకు కరగాలని నా ఆత్రం.

పొద్దున తీసి తుడిస్తే నల్ల పెన్ను ముదురు గోధుమ రంగులో ఉంది. నీళ్ల పైన మిగిలిన అంగుళం మేర మాత్రం నలుపే. ఆ రెంటి మధ్య గీత కొట్టినట్టు హద్దు.

కారణం తెలిసిందే. రబ్బరులో బరువుకు నూటికి ముప్పై పాళ్ల చుట్టూ గంధకం కలిపి ఉడికిస్తే ఎబొనైట్ వస్తుంది. ఏళ్ల తరబడి వెలుతురు తగిలిన పైపొరలో ఆ గంధకం కొంత ఆక్సీకరణం చెంది ఉంటుంది. చూడటానికి నల్లగానే ఉన్నా నీళ్లు తగిలేసరికి ఆ పొర రంగు బయటపడుతుంది. వేడినీళ్లయితే నిమిషాల్లోనే.

పాలిష్ పెట్టి పైపొర గీకేస్తే నలుపు మళ్లీ వస్తుంది. నేను గీకలేదు. గీకితే ఆ అలల గీతలు కూడా అరిగిపోతాయి, అవి పోతే ఇక రావు. నల్లరంగు పూయడం నాకు అసలే నచ్చదు. పెన్ను ఇప్పుడు రెండు రంగుల్లో ఉంది, అలాగే ఉంటుంది.

దీన్ని శుభ్రం చేయాల్సిన పద్ధతి ఇది:

1. పాళీ, ఫీడ్ (పాళీ కింద ఆని ఉండి ఇంకు అందించే ముక్క) ఉన్న ముందు భాగాన్ని గొట్టం నుంచి విడదీయాలి.
2. గొట్టంలోకి డ్రాపర్‌తో చన్నీళ్లు పోసి, ఊపి, పారబోయాలి. బయట తడి తగలనివ్వకూడదు.
3. మరలను తడిపి పిండిన కాటన్ పుల్లతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి.
4. నీళ్లు తేటగా వచ్చేదాకా 2, 3 మళ్లీ మళ్లీ చేయాలి. నాకు 14 సార్లు పట్టింది.

ఇప్పటిదాకా: 2 గంటలు. విప్పినవి 1, రాస్తున్నవి 0, రంగు పోగొట్టినవి 1.

## 3వ దశ: ఎస్టర్‌బ్రుక్ విప్పడం, కొత్త సంచి

లీవరు కదలకపోతే బలవంతంగా ఎత్తకండి. లోపల సంచి ఎండి గట్టిపడి ఉంటుంది. లీవరును ఎత్తితే అది విరుగుతుంది, లేదా గొట్టం గోడ చీలుతుంది.

ముందు పాళీని చేత్తో తిప్పి తీసేశాను, సులువుగానే వచ్చింది. తర్వాత సెక్షన్, అంటే వేళ్లతో పట్టుకునే ముందు ముక్క. ఇది గొట్టంలోకి బిగుతుగా దిగి ఉంటుంది, మరలుండవు. మొదటిరోజు గొట్టం పైభాగం 40 డిగ్రీల దాకా వేడిచేసి లాగాను, కదల్లేదు. వేడి పెంచకుండా బలం పెంచాను. చేయి జారింది, సెక్షన్ అంచున గోటి గుర్తంత సొట్ట పడింది. రెండోరోజు 55 డిగ్రీల దాకా తీసుకెళ్లి, రెండువైపులా సైకిల్ ట్యూబు చుట్టి, అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ లాగితే మూడో విడతలో వచ్చేసింది. ఈ ప్లాస్టిక్‌కి 60 దాటనివ్వకండి. డ్రయ్యర్‌ను ఒకేచోట నిలపకుండా గొట్టాన్ని తిప్పుతూ ఉండాలి.

లోపల సంచి నల్ల పెంకుల్లా రాలింది. లీవరు కింద ఉండే జె ఆకారపు స్ప్రింగు బద్ద తుప్పుపట్టినా విరగలేదు. దాన్ని బయటికి తీసి సన్నటి స్టీల్ ఉన్నితో రుద్ది మళ్లీ దించాను.

కొత్త సంచి సైజు 16. ఈ నంబరు వెనక లెక్క తెలుసుకుంటే ఏ పెన్నుకైనా పనికొస్తుంది. నంబరు అంటే సంచి బయటి వ్యాసం, అంగుళంలో 64వ వంతుల్లో. 16 అంటే 64లో 16, అంటే పావు అంగుళం, 6.35 మి.మీ. 18వ నంబరైతే 7.14 మి.మీ.

అంటించడానికి షెల్లాక్ మాత్రమే వాడాను. ఇది మన లక్కే, లక్కపురుగు ఇచ్చేదే, స్పిరిట్‌లో కరిగించి పెట్టుకుంటారు. వేడి చూపితే మెత్తబడుతుంది. నా తర్వాత ఈ పెన్ను ఎవరి చేతికి వెళ్లినా ఇలాగే విప్పుకోగలగాలి. సూపర్ గ్లూ పెట్టి అంటించిన సెక్షన్లను విరగ్గొట్టి తీయడం తప్ప దారి ఉండదు. ఆ పని చేసేవాళ్లు పెన్నుకి ఆఖరి రిపేరు చేస్తున్నట్టే.

నేను చేసిన వరస:

1. గొట్టం లోతు సన్నపుల్ల దింపి కొలిచాను: 68 మి.మీ.
2. కొనలో 3 మి.మీ. ఖాళీ వదలాలి కాబట్టి సంచిని 65 దగ్గర కోశాను.
3. సెక్షన్ వెనక ఉండే బుడిపెకు షెల్లాక్ పలచగా రాసి, సంచి మూతి సాగదీసి ఎక్కించాను.
4. ఒక రాత్రి ఆరనిచ్చాను.
5. సంచికి టాల్క్ పొడి రాసి గొట్టంలోకి దించాను.

2వ అంకెలో తప్పుంది. అప్పుడు నాకు కనపడలేదు.

ఇప్పటిదాకా: 6న్నర గంటలు. సంచులు 1. విప్పినవి 2, రాస్తున్నవి 1 (అనుకున్నాను).

## 4వ దశ: పెన్ను కక్కుతోంది

ఇంకు నింపితే మొదటి పేజీ చక్కగా రాసింది. రెండో పేజీ సగంలో పాళీ కింద ఇంకు ఊరి, ఒక చుక్క కాగితం మీద పడింది. తుడిచి రాస్తే మళ్లీ పది నిమిషాలకు అదే.

ఇక్కడ నాలుగు గంటలు వృథా చేశాను. మొదట లక్క సరిగా అతకలేదనుకున్నాను. సెక్షన్ విప్పి, సంచి మూతి ఊడదీసి, శుభ్రం చేసి మళ్లీ అంటించాను. కక్కడం ఆగలేదు. తర్వాత పాళీ మరల దగ్గర సందుందనుకుని 2556 పాళీ తెచ్చి బిగించాను. గీత సన్నబడింది, చుక్క మాత్రం పడింది. సంచికి చిల్లుందేమోనని నీళ్లలో ముంచి ఊదాను. ఒక్క బుడగ లేదు.

అప్పటికిగాని త్రాసు గుర్తుకు రాలేదు. పెన్ను కడిగి ఆరబెట్టి తూస్తే 14.18. లీవరుతో నీళ్లు పీల్పించి తూస్తే 14.64. లోపలికి వెళ్లింది 0.46 మి.లీ. మాత్రమే.

సంచిలో ఎంత పట్టాలో లెక్కేశాను. లోపలి వ్యాసం 5.6 మి.మీ. అంటే అడ్డుకోత 24.6 చదరపు మి.మీ. బుడిపె మీద ఎక్కినది పోగా మిగిలిన పొడవు 50 పైన. మొత్తం 1.25 మి.లీ. దరిదాపుల్లో ఉండాలి. అంటే సంచిలో 0.8 మి.లీ. దాకా గాలే ఉంది.

చుక్కకు కారణం ఈ గాలే. గదిలో గాలి 26 డిగ్రీలు, చేతిలో పది నిమిషాలు పట్టుకున్న గొట్టం 32. ఆరు డిగ్రీలకు గాలి 2 శాతం వ్యాకోచిస్తుంది, 0.8లో 2 శాతం 0.016 మి.లీ. లోపలి తడి ఆవిరి కూడా వేడికి పెరుగుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే. ఒక చుక్క దాదాపు 0.05 మి.లీ. అంటే చుక్కలో మూడోవంతుకి పైగా ఇంకును ఆ గాలి ముందుకు తోసేస్తోంది. నింపినప్పుడే నిండుగా తడిసి ఉన్న ఫీడ్ అంత అదనపు ఇంకును పట్టి ఉంచలేదు. ఫీడ్ కింద దువ్వెనలా ఉండే పళ్లున్నది ఇలా పొంగిన ఇంకును తాత్కాలికంగా దాచుకోవడానికే. పళ్లు నిండిపోతే ఇక పొంగినదల్లా కాగితం మీదకే.

ఇంకు తక్కువ పీల్చడమే జబ్బు అని తేలాక, ఎందుకు తక్కువ పీలుస్తోందన్నది వెతకడం తేలికైంది. సెక్షన్ విప్పితే సంచి కొన మడత పడి, మెలి తిరిగి ఉంది. నేను గొట్టం లోతు 68 అని కొలిచాను కానీ, సెక్షన్ ఆ గొట్టంలోకి 9 మి.మీ. దిగుతుందన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. సంచికి నిజంగా ఉన్న చోటు 59. నేను అందులో 65 కుక్కాను. మడత పడిన సంచిని బద్ద పూర్తిగా నొక్కలేదు, మెలిపడిన చోటు నుంచి పైకి ఇంకు ఎక్కలేదు.

సరైన లెక్క:

1. గొట్టం లోతు కొలవండి. (68)
2. సంచి ఆనే మెట్టు దాకా సెక్షన్ ఎంత లోపలికి దిగుతుందో కొలిచి తీసేయండి. (68 − 9 = 59)
3. కొనలో 3 మి.మీ. వదలండి. (56)
4. సంచి అంటించి ఆరాక, గొట్టంలోకి దించేముందు రెంటినీ పక్కపక్కన పెట్టి కంటితో సరిచూడండి.
5. దించేటప్పుడు సెక్షన్‌ను తిప్పకండి. తిన్నగా తోయండి.

రెండో సంచి 56 దగ్గర కోసి ఎక్కించాను. ఖాళీగా 14.14, నింపితే 15.16. అంటే 1.02 మి.లీ. ఐదు రోజులు రోజూ రెండేసి పేజీలు రాశాను. చుక్క పడలేదు. ఆరోరోజు, ఇంకు అడుగంటినప్పుడు, పాళీ కింద కొద్దిగా ఊరింది. అది ఈ రకం పెన్నులన్నిటికీ ఉన్న గుణమే, ఎందుకంటే అప్పటికి సంచి నిండా మళ్లీ గాలే.

2668 పాళీనే తిరిగి పెట్టాను. 2556 చేతికి మరీ సన్నం.

ఇప్పటిదాకా: 11 గంటలు. సంచులు 2, అదనపు పాళీలు 1. రాస్తున్నవి 1, ఈసారి ఖాయంగా.

## 5వ దశ: పార్కర్ 51, గాలి అందని పెన్ను

ఎస్టర్‌బ్రుక్‌తో బుద్ధొచ్చి ఈసారి త్రాసుతోనే మొదలుపెట్టాను. ఈ ఫిల్లరులో లోపలి సంచి రబ్బరు కాదు, ప్లై-గ్లాస్ అని పిలిచిన తేట ప్లాస్టిక్. డెబ్బై ఏళ్లు దాటినా నా దానిలో మెత్తగానే ఉంది, మార్చే పనే లేదు. మధ్యలో గాలి తీసుకునే సన్న గొట్టం ఒకటి ఉంటుంది. ఒక్కో నొక్కుకు కొంత గాలి పోయి కొంత ఇంకు ఎక్కుతుంది, అందుకే చాలాసార్లు నొక్కాలి. నీళ్లలో ముంచి తూచిన లెక్క:

1 నొక్కు: 0.48 మి.లీ.
2 నొక్కులు: 0.77
4 నొక్కులు: 1.01
6 నొక్కులు: 1.06
8 నొక్కులు: 1.06

ఆరు తర్వాత పెరగలేదు, సంచి నిండిపోయింది. లోపల ఇంకు పుష్కలంగా ఉంది, గాలి తక్కువ. మరి నాలుగు లైన్లకే ఎందుకు ఆగుతోంది?

ఆగిన పెన్నును ముట్టుకోకుండా ఐదు నిమిషాలు పడుకోబెట్టి మళ్లీ రాస్తే మళ్లీ నాలుగు లైన్లు. మళ్లీ ఆగాక బద్దను కొద్దిగా, చుక్క పడనంతగా నొక్కితే ఆరు లైన్లు. ఈ రెండు పరీక్షలూ ఒకటే చెబుతున్నాయి. ఇంకు బయటికి వెళ్లినంత మేర గాలి లోపలికి రావాలి. రాకపోతే సంచిలో ఖాళీ ఏర్పడి ఇంకును వెనక్కి పట్టేస్తుంది. 1884లో లూయీ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న ఫీడ్ గొప్పతనం ఇక్కడే ఉంది: ఇంకు దిగే కాలువా, గాలి ఎక్కే దారీ ఒకే ముక్కలో కుదిరాయి. నా 51లో ఇంకు దారి తెరిచే ఉంది, గాలి దారి మూసుకుపోయింది.

విప్పకుండా తేలుతుందేమోనని ముందు కడగడం. పది పాళ్ల నీళ్లకు ఒక పాలు ఇంట్లో వాడే అమ్మోనియా ద్రావణం, ఒక్క చుక్క గిన్నెల సబ్బు. ముసుగు భాగం మాత్రం మునిగేలా నిలబెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున నీళ్లు ముదురు నీలం. మూడు రాత్రులు ఇలా చేశాక నీళ్లు తేటగా వచ్చాయి. నాలుగు లైన్లు పదకొండయ్యాయి. అయినా ఆగింది. విప్పక తప్పలేదు.

ముసుగు మర మీద ఉంటుంది, లక్కతో మూసి ఉంటుంది. 60 డిగ్రీల వేడి, ట్యూబు ముక్కలు, చేతి బలం. పటకారు వాడలేదు. మొదటి రోజు ఎనిమిది విడతలు, కదల్లేదు. రెండోరోజు వేడిచేసి, చల్లారనిచ్చి, మళ్లీ వేడిచేసి తిప్పాను. నాలుగోసారికి సన్నగా కిర్రుమని వదిలింది. ఈ కిర్రు వినిపించేదాకా వేడే పెంచుతూ పోవాలనిపిస్తుంది. పెంచకండి. లక్క ఏ వేడికి మెత్తబడాలో ఆ వేడికే మెత్తబడుతుంది, దానికి కావాల్సింది సమయం.

ముసుగు వదిలిన క్షణంలో గొట్టానికీ ముసుగుకీ మధ్య ఉండే లోహపు ఉంగరం జారి కింద పడింది. మూతను పట్టి ఉంచేది ఆ ఉంగరమే. దొరికింది, కాకపోతే గంట వెతికాక. విప్పేముందు కింద ఒక తువాలు పరిచి ఉంటే ఈ గంట మిగిలేది.

లోపల పాళీ గొట్టంలా ఫీడ్‌ను చుట్టుకుని ఉంది. ఆ రెండూ సన్నటి పొరలు పొరలుగా కోసిన ప్లాస్టిక్ కలెక్టరులో దూరి ఉన్నాయి. ఎస్టర్‌బ్రుక్ ఫీడ్ పళ్లు చేసే పనే దీనిదీ, కాకపోతే ఎన్నో రెట్లు ఎక్కువ చోటుతో. భూతద్దం కింద చూస్తే వెనక సగం పొరల మధ్య నల్లటి పెచ్చులు. ముందు సగం శుభ్రం. నా అమ్మోనియా నీళ్లు ముందు సగం దాకే చేరాయన్నమాట.

శుభ్రం చేసిన వరస:

1. కలెక్టరు, ఫీడ్, పాళీ విడివిడిగా అమ్మోనియా నీళ్లలో 2 గంటలు.
2. మెత్తటి పళ్లబ్రష్‌తో పొరల దిశలోనే, అడ్డంగా కాకుండా.
3. రబ్బరు బుడ్డితో నీళ్లు చిమ్మడం, రెండువైపుల నుంచీ 20 సార్లు.
4. మళ్లీ 1 నుంచి. మొత్తం మూడు విడతలు.

సూదితో గీరాలన్న కోరిక కలుగుతుంది. ఒక్క పొర విరిగినా ఇంకు పట్టు మారిపోతుంది, కాబట్టి సూది పక్కన పెట్టేశాను. వేడినీళ్లు కూడా వాడలేదు, కలెక్టరు వంకర పోతుంది.

బిగించడంలో ఒక తప్పు. ఉంగరం పెట్టి, మరలకు లక్క రాసి, ముసుగు చివరిదాకా తిప్పేశాను. పాళీ చీలిక ముసుగు ముక్కుకు నడిమధ్యన రాలేదు, అర మి.మీ. ఎడమకి ఉంది. పాళీ ఒక పక్క ముసుగును ఒరుసుకుని గీరుకుంది. లక్క ఆరకముందే విప్పి, ఈసారి లక్క రాయకుండా బిగించి చూసుకున్నాను. ముసుగు ఎక్కడ ఆగుతుందో గుర్తుపెట్టుకుని, పాళీని అంతకు తగ్గట్టు తిప్పి, మళ్లీ బిగించి, మళ్లీ చూసి, అయిదోసారికి కుదిరాక లక్క రాశాను. ముందు లక్క లేకుండా ఒకసారి కట్టి చూసుకోవడం అన్నది ఏ పెన్నుకైనా వదలకూడని మెట్టు.

ఇప్పుడు ఆగకుండా 4 పేజీలు రాసింది. అయిదోది నేనే ఆపేశాను.

ఇప్పటిదాకా: 21 గంటలు, అందులో ఉంగరం కోసం 1. సంచులు 2. రాస్తున్నవి 2.

## 6వ దశ: ఎబొనైట్ పెన్ను, ఉన్నదంతా గాలే

మరల దగ్గర చెమర్చడం చిన్న పని. మరల మీద సిలికాన్ గ్రీజు బియ్యపు గింజంత, చుట్టూ పలచగా. వ్యాసలీన్ వద్దు, అది పెట్రోలియం సరుకు, ఎబొనైటూ రబ్బరే.

నింపితే 2.40 మి.లీ. పట్టింది. ఎస్టర్‌బ్రుక్‌కి రెండింతలకు పైగా. సుఖమే కానీ ఖాళీ అయ్యే కొద్దీ ఆ చోటంతా గాలి ఆక్రమిస్తుంది. రోజూ తూస్తూ రాశాను. 1.6 మిగిలినప్పుడు బాగుంది, 1.1 దగ్గర బాగుంది, 0.8 దగ్గర మొదటి చుక్క పడింది. లోపల గాలి అప్పుడు 1.6 మి.లీ., అంటే చుక్కలు పడ్డ రోజుల్లో ఎస్టర్‌బ్రుక్‌లో ఉన్న గాలికి రెండింతలు. దానికంటే ఇది ఆలస్యంగా కక్కడానికి కారణం ఎబొనైట్ గోడ మందం, చేతి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు.

దీనికి రిపేరు లేదు, అలవాటు మార్చుకోవడమే. 1.2 మిగలగానే నింపేస్తున్నాను. కాసేపు జేబులో ఉన్న పెన్నును పాళీ పైకి పెట్టి మూత తీస్తే, పొంగిన గాలి ఇంకును తోయకుండా తానే బయటికి పోతుంది.

పాళీ పని ఇంకొంచెం పట్టింది. పాళీకీ ఫీడుకీ మధ్య వెలుతురు కనపడుతోంది, ఇత్తడి రేకు రెండు మడతలు దూరేంత సందు, అంటే 0.1 మి.మీ. సందుంటే ఇంకు కాలువ తెగిపోతుంది, గీతలో మధ్యమధ్య ఖాళీలు వస్తాయి. ఎబొనైట్ ఫీడ్‌ను వేడితో పాళీకి ఆనేలా వంచొచ్చు. పాళీ, ఫీడ్ రెంటినీ సెక్షన్ నుంచి తీసి, కలిపి పట్టుకుని 60 డిగ్రీల నీళ్లలో ముంచి నొక్కాను, ఫలితం లేదు. 85 డిగ్రీల్లో 30 సెకన్లు ఉంచి, గుడ్డతో పట్టుకుని నొక్కి, నొక్కినట్టే చన్నీళ్లలో పెట్టాను. సందు మూసుకుపోయింది. వేడినీళ్లకు ఫీడ్ రంగు మారింది, కానీ అది పాళీ చాటున ఉండేదే కాబట్టి పట్టించుకోలేదు.

పాళీ ఎడమవైపు లాగితే గీరుకుంటోంది. భూతద్దంలో చీలికకు రెండువైపుల కొనలు ఒక ఎత్తులో లేవు, కుడిది వెంట్రుకవాసి కిందికి ఉంది. ఎత్తుగా ఉన్న కొనను గోటితో కిందికి నొక్కి అయిదు సెకన్లు ఉంచి వదిలాను. నాలుగు సార్లకు సమానమయ్యాయి. ఉప్పుకాగితం ముట్టలేదు. పాత పాళీ ఒకదాని మీద అంతకుముందు సన్న ఉప్పుకాగితంతో సాధన చేస్తే, చీలిక లోపలి అంచులు గుండ్రంగా అరిగి, నున్నగా రాస్తూనే మొదటి గీత ఎగ్గొట్టే పాళీ తయారైంది. గీరుకునే పాళీల్లో చాలావాటికి కావాల్సింది కొనలు సరిచేయడమే, అరగదీయడం కాదు.

ఇంకు విషయంలో ఒక నియమం పెట్టుకున్నాను. ఈ మూడింటిలోనూ ఇండియన్ ఇంక్ పోయను. అందులో కార్బన్‌ను పట్టి ఉంచేది తరచూ షెల్లాకే. సెక్షన్‌ను మూసే పదార్థాన్ని నేనే ఫీడులో పోసినట్టవుతుంది.

ఇప్పటిదాకా: 25 గంటలు. సంచులు 2, పాళీలు అదనంగా 1, సాధనలో పోయినది 1, రంగు పోయిన పెన్ను 1. రాస్తున్నవి 3.

## మిగిలిన పని

ఎస్టర్‌బ్రుక్ సెక్షన్ మీద సొట్ట అలాగే ఉంది. పార్కర్ ముసుగు లోపల మర దగ్గర ఒక సన్న గీత కనపడుతోంది. బీటా, పాత గీరుడా అన్నది వచ్చే నెల మళ్లీ భూతద్దం కింద చూసి తేల్చుకోవాలి. పొడవు ఏమైనా పెరుగుతుందేమోనని ఇవాళే కాలిపర్‌తో కొలిచి పెట్టుకున్నాను: 2.1 మి.మీ.

ఈ పేజీలన్నీ ఎస్టర్‌బ్రుక్‌తోనే రాశాను. ఇప్పుడు తూస్తే 14.37. ఖాళీ బరువు 14.14 పోగా లోపల 0.23 మి.లీ. ఇంకుంది, మిగతాదంతా గాలి. ఇక రాయకుండా నింపాలి.